స్పేరుకి స్పేరు

సైకిలుకి గేరు మార్చాలంటే వేలితో మీట నొక్కాలి, మీట తీగని లాగాలి, ఆ తీగ వెళ్ళి వెనక చక్రం దగ్గర గొలుసుని పక్క పళ్ళచక్రం మీదికి తోయాలి. ఇందులో ఎంత మోటుతనం ఉందో తుమ్మెదకోటలో పుట్టి పెరిగిన వాళ్ళెవరికీ ఎన్నడూ తోచలేదు. గిరిశిఖర సత్వర సేవా సంస్థ జాయింట్ డైరెక్టర్ ప్రభంజనరావు గారికి మాత్రం తోచింది. ఆయన ఏదో చలిదేశానికి సెమినారుకి వెళ్ళి అక్కడ తీగ లేని గేర్ల సైకిలు చూశారు. గుండీ నొక్కితే వెనకాల జింయ్‌మంటుంది, గేరు దానంతటదే మారిపోతుంది. చూసి ఆయన కళ్ళు చెమర్చాయట. తిరిగొచ్చిన వారంలోనే సంస్థలో ఉన్న తీగ సైకిళ్ళన్నిటినీ కాలం చెల్లినవిగా ప్రకటించి, షెడ్డులో పడేసి తాళం వేయించారు.

సంస్థ చేసే పని చిన్నదే. జీపు ఎక్కలేని కొండల మీది ఊళ్ళకి మందులు చేరవెయ్యడం. ముఖ్యంగా మంగళవారం మంగళవారం చంటిపిల్లలకి వేసే చుక్కల మందు. దాన్ని ఐసు పెట్టెలో పెట్టి సైకిలు వెనక కట్టుకుని, ఐసు కరిగేలోపల ఊరు చేరాలి. చేరితే మందు, చేరకపోతే నీళ్ళు. ఈ పని చేసే వాళ్ళని రైడర్లంటారు. వాళ్ళలో అందరికన్నా పాతకాపు గెమ్మెలి పండన్న. కొండలో పుట్టినవాడు, పిక్కలు చూస్తే రుబ్బురోలు పొత్రాల్లా ఉంటాయి. ఇన్నేళ్ళ సర్వీసులో పండన్న తీసుకెళ్ళిన ఐసు దారిలో పూర్తిగా కరిగిందన్న మాట లేదు.

రైడర్లకి పదకొండు కొత్త సైకిళ్ళూ, జాయింట్ డైరెక్టర్ గారికి ఒకటీ వచ్చాయి. కొబ్బరికాయలు కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అమ్మిన కంపెనీ మనిషి వచ్చి అగ్గిపెట్టె అంత బ్యాటరీని వెనక గేరు దగ్గర టక్కున తగిలించి, టక్కున ఊడదీసి చూపించాడు. ఒకసారి చార్జింగు పెడితే వారాల తరబడి వస్తుందనీ, ఒకవేళ అయిపోయినా సైకిలు ఆగదనీ, గేరు మారదంతేననీ చెప్పాడు. చెప్పి భోజనం చేసి వెళ్ళిపోయాడు. అతన్ని మళ్ళీ ఎవరూ చూడలేదు.

పండన్నకి సైకిలు మొదట్లో అనుమానంగా ఉన్నా, మొదటి ఎత్తు ఎక్కేసరికి పిచ్చి ప్రేమ పట్టుకుంది. నిటారు దారి రాగానే గుండీ నొక్కుతాడు, జింయ్, పెడలు తేలికైపోతుంది. మళ్ళీ చదును రాగానే నొక్కుతాడు, జింయ్. నవ్వొచ్చేసేది. కొండ కొమ్మున ఉన్న నేరేడుపుట్టుకి అంతకుముందు ఐసు సగమయ్యాక చేరేవాడు, ఇప్పుడు ముక్కలు గలగలలాడుతుండగానే చేరుతున్నాడు. నేరేడుపుట్టు అతనికి ఊరొక్కటే కాదు, అత్తారిల్లు కూడా. భార్య చిలకమ్మ తొలి కాన్పుకి అక్కడే ఉంది. మందు వేయించే వంకన ప్రతి మంగళవారం వెళ్ళి, ఆమె పెట్టిన రాగి అంబలి తాగి, పొట్ట మీద చెయ్యేసి లోపలున్నది ఎటు తన్నుతోందో చూసి దిగొచ్చేవాడు. ప్రభుత్వం ఇంత మంచి వస్తువు ఎలా కొన్నదా అని రైడర్లు లోలోపల ఆశ్చర్యపోతూనే ఉన్నారు. ఆ ఆశ్చర్యం తీరడానికి ఎంతో కాలం పట్టలేదు.

మంత్రిగారు కొండ దిగువన ఆరోగ్య శిబిరానికి వస్తున్నారన్నారు. ఆయన కారు ముందు తానే కొత్త సైకిలు తొక్కుతూ దారి చూపిస్తానని ప్రభంజనరావు గారు ముచ్చటపడ్డారు. రైడర్లు తమ బ్యాటరీలని ఎదురుగా ఉన్న టీ కొట్టులో చార్జింగు పెట్టుకునేవాళ్ళు. జాయింట్ డైరెక్టర్ గారి బ్యాటరీ టీ కొట్టులో పెడితే ఏం బాగుంటుంది? అందుకోసం ఆఫీసులో ప్రత్యేకం చార్జింగు గది కట్టారు. కానీ గదికి ప్రారంభోత్సవం కాలేదు. ప్రారంభోత్సవం కాని గదిలో చార్జింగు పెట్టడం పద్ధతి కాదు. కాబట్టి ఆయన బ్యాటరీ కంపెనీ నుంచి వచ్చిననాటి చార్జితోనే ఉంది.

మంత్రిగారు వచ్చిన రోజు ఎత్తు మొదట్లోనే బ్యాటరీ అయిపోయి, గేరు బరువైన దాని మీద బిగుసుకుపోయింది. ప్రభంజనరావు గారు రెండు తొక్కులు తొక్కారు, మూడోది పడలేదు. దిగి, సైకిలు నెట్టుకుంటూ, చెమటలు కక్కుతూ నడుస్తుంటే మంత్రిగారి కారు పక్కకొచ్చి అద్దం దిగింది.

"ఏమయ్యా, సైకిల్ని వాకింగుకి తీసుకెళ్తున్నావా?" అన్నారు మంత్రిగారు. అద్దం ఎక్కింది. కారులో ఉన్నవాళ్ళందరూ నవ్వడం అద్దంలోంచి కనబడుతూనే ఉంది.

ఆ సాయంత్రానికే ఉత్తర్వు గోడకెక్కింది. 'ఇందుమూలముగా యావన్మంది రైడర్లకు తెలియజేయునది ఏమనగా, అదనపు బ్యాటరీ వెంట లేనిదే ఏ రైడరూ, ఏ సైకిలుపైనా, ఏ కారణముచేతనైనా గేటు దాటరాదు.'

ఇందులో ఎవరికీ ఇబ్బంది లేదు. అగ్గిపెట్టె అంత వస్తువు. పండన్న చొక్కా జేబులో పడేసుకుని రెండు మంగళవారాలు వెళ్ళొచ్చాడు. కొండదారిలో బ్యాటరీ అయిపోతే అక్కరకొస్తుంది, పిచ్చి రూలు కాదు అని కూడా అన్నాడు తోటి రైడరు సాధురావుతో. అక్కడితో ఆగి ఉంటే మనం కూడా మన పనులు చూసుకునేవాళ్ళం. ఈలోగా ఆడిట్‌వారు వచ్చారు.

వచ్చినాయన పండన్న జేబు వైపు వేలు పెట్టి చూపించాడు. "బ్యాటరీ వాడుకునేవాడూ ఇతనే, స్పేరు దాచుకునేవాడూ ఇతనే. రేపొద్దున ఇతను స్పేరుని అసలు దాంట్లో పెట్టి, అసలుదాన్ని జేబులో పెట్టుకుంటే ఏది ఏదో ప్రభుత్వానికి ఎలా తెలుస్తుంది? వాడేవాడు వేరు, భద్రపరిచేవాడు వేరు అయి ఉండాలి."

సరిగ్గా ఆ వారమే పండన్నకి కూతురు పుట్టింది. కబురు తెచ్చినవాడు చిలకమ్మ అన్న జగ్గన్న. సంతకి పనసకాయలు దించుకొచ్చి, అమ్ముడయ్యాక ఆఫీసు గేటు దగ్గరికొచ్చి పిలిచాడు.

"బావా, ఆడపిల్ల. ముక్కు నీదే, పాపం. ఏటి సేత్తాం."

పండన్నకి కాళ్ళు నేల మీద ఆగలేదు. సాధురావుని వాటేసుకున్నాడు, టీ కొట్టు వాణ్ణి వాటేసుకున్నాడు, ఎదురుగా వస్తున్న స్టోర్సు ఇన్‌చార్జి నీలాచలం గారిని కూడా వాటెయ్యబోయి చివరి క్షణంలో దండం పెట్టాడు. మంగళవారం ఎలాగూ వెళ్ళేదే కదా, పిల్లకి చుక్కలు తన చేత్తో తీసుకెళ్ళి వేయిద్దామనుకున్నాడు. పుట్టిన పిల్లకి తండ్రి పట్టుకెళ్ళే మొదటి వస్తువు మందు అయితే ఏం, అది ఐసులో పెట్టి పట్టుకెళ్తాడు కదా.

మంగళవారం పొద్దున్నే సమావేశం అన్నారు. క్షేత్రస్థాయి ప్రతినిధిగా పండన్నని పిలిచి తలుపు దగ్గర నిలబెట్టారు. బల్ల మీద టీలు, పళ్ళెంలో బిస్కట్లు. బయట సైకిలు వెనక ఐసు పెట్టె.

"ఆడిట్ అభ్యంతరం శిరోధార్యం," అన్నారు ప్రభంజనరావు గారు. "కాబట్టి పండన్న స్పేరుని సాధురావు మొయ్యాలి. పండన్న వెనకాలే, చేతికందే దూరంలో ఉండి మొయ్యాలి. లేకపోతే అవసరమైనప్పుడు అందదు. ఎవరికైనా సందేహాలున్నాయా?"

"సాధురావు ఎలగెల్తాడు సార్?" అన్నాడు పండన్న.

"సైకిలు మీద."

"ఆ సైకిలుకీ బేటరీ ఉంటాది గదా సార్."

"ఉంటుంది. అది సంస్థ ప్రతిష్ఠ."

"మరి ఆడికీ స్పేరు గావాల."

"నిస్సందేహంగా. నిబంధనకి మినహాయింపు లేదు. సాధురావు స్పేరుని అతని వెనకున్నవాడు మోస్తాడు."

నీలాచలం గారు బుద్ధిమంతుడు. విషయం కళ్ళకి కట్టాలని పళ్ళెంలోని బిస్కట్లు తీసి బల్ల మీద ఒకదాని వెనక ఒకటి పేర్చారు. మొదటి బిస్కట్టు పండన్న, రెండోది సాధురావు, అలా పదకొండూ. అందరూ వరస వెంట చూపు పోనిచ్చి చివరికొచ్చి ఆగారు.

"ఈ చివరి బిస్కట్టు స్పేరు ఎవరి దగ్గర ఉన్నట్టండీ?" అన్నారు నీలాచలం గారు.

ప్రభంజనరావు గారు దీర్ఘంగా ఆలోచిస్తూ చెయ్యి చాపి, ఆ చివరి బిస్కట్టు తీసుకుని తినేశారు. ఆలోచనలో ఉన్నప్పుడు తినడం ఆయన అలవాటు.

"ఇప్పుడు దీని వెనక ఎవరూ లేరండీ," అన్నారు నీలాచలం గారు పక్కదాన్ని చూపిస్తూ.

ఆయన దాన్నీ తిన్నారు. దాని ముందుది దిక్కులేనిదైంది. దాన్నీ తిన్నారు. అలా తింటూ ఆలోచిస్తూ, ఆలోచిస్తూ తింటూ, పండన్న దాకా వచ్చేసరికి బల్ల మీద ఒకే ఒక బిస్కట్టు మిగిలింది. దాని వెనక స్పేరు లేదు. పండన్న ఆ బిస్కట్టు వంకే ఊపిరి బిగబట్టి చూశాడు.

"మొదటికొచ్చామండీ," అన్నారు నీలాచలం గారు.

ఆ మాట వినగానే ప్రభంజనరావు గారి ముఖం వెలిగిపోయింది. ఇంకో ప్యాకెట్టు తెప్పించారు. పదకొండూ మళ్ళీ పేర్చి, వరసని మెల్లగా వంచారు. వంచి, వంచి, చివరి బిస్కట్టుని మొదటి బిస్కట్టు ముందుకి తీసుకొచ్చి పెట్టారు. "చివరివాడి స్పేరు పండన్న మోస్తాడు. పండన్న అతని వెనక ఉంటాడు. వృత్తం, నీలాచలం గారూ. వృత్తానికి చివర లేదు. ఆడిట్‌కి అడగడానికేమీ మిగల్లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. పండన్న గొంతు సవరించుకున్నాడు. "సార్, నేరేడుపుట్టు దారి తిన్నగా పైకెల్తాది సార్. గుండ్రంగా ఉండదు."

"అది దారి లోపం. విధానం లోపం కాదు. కొండ చుట్టూ వలయాకారపు రోడ్డుకి ప్రతిపాదనలు పంపుతాం. రోడ్డు మంజూరయ్యే వరకు ఆఫీసు మైదానంలో అభ్యాసం జరుగుతుంది."

"బేటరీ నేకపోయినా సైకిలు నడుస్తాది సార్. గేరు మారదు, అంతే."

"గేరు మారని సైకిలంటే ఏమిటో నాకు మంత్రిగారి సమక్షంలో తెలిసింది పండన్నా. నీకు తెలియదు."

బయటికొచ్చి చూస్తే ఐసు పెట్టె కింద మడుగు కట్టింది. పండన్న మూత తీసి చెయ్యి పెట్టాడు. గోరువెచ్చగా ఉంది. ఆ మందు పారబోస్తుంటే అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

వచ్చే మంగళవారం దాకా ఎందుకు, ఒక్క రోజు సెలవు పెట్టి నడిచి వెళ్ళి పిల్లని చూసొద్దామని నీలాచలం గారి దగ్గరికెళ్ళాడు. నీలాచలం గారు చెడ్డమనిషి కాదు. సెలవు చీటీ చేతిలో పట్టుకుని నిజంగానే బాధపడ్డారు.

"చూడు నాయనా, మామూలుగా అయితే నిన్ను నేను ఆపుతానా. ఇప్పుడు నువ్వు మనిషివి కాదు, ఒక లింకువి. నువ్వు లేకపోతే వరసలో చివరివాడు పైడిరాజు స్పేరు మోసేవాడుండడు. పైడిరాజు ఆగుతాడు. వాడాగితే వాడి ముందువాడి స్పేరు ఆగుతుంది. సాయంత్రానికి సంస్థ మొత్తం ఆగిపోతుంది. ఒక్క పసిపిల్ల కోసం సంస్థని ఆపేద్దామా చెప్పు."

"నా పిల్ల బాబూ," అన్నాడు పండన్న.

"నీ పిల్లే. ఎవరు కాదన్నారు," అని చీటీ వెనక్కిచ్చేశారు.

తరవాతి మంగళవారం మైదానంలో సున్నంతో పెద్ద గీత గుండ్రంగా గీశారు. మధ్యలో జెండా కర్ర. పదకొండు మంది రైడర్లు, ఒక్కొక్కడి జేబులో ముందువాడి బ్యాటరీ, చేతికందే దూరంలో ఒకడి వెనక ఒకడు, గీత మీద బయల్దేరారు. పండన్న సైకిలు వెనక ఐసు పెట్టె. ప్రభంజనరావు గారు అరుగు మీద కుర్చీ వేసుకుని చూశారు. కొంతసేపటికి ఎవరు ముందో ఎవరు వెనకో రైడర్లకే తెలియడం మానేసింది. సాధురావు వెనకనించి, "అన్నా, మనం ఎల్తన్నామా, ఒస్తన్నామా?" అన్నాడు. తనకైతే ఏమీ తెలియడం లేదన్నాడు పండన్న.

సాయంత్రం నీలాచలం గారు ఒక అద్భుతం కనిపెట్టారు. మైదానంలో తిరిగిన దూరమంతా కలిపి చూస్తే నేరేడుపుట్టుకి వెళ్ళొచ్చిన దూరం కన్నా ఎక్కువే తేలింది. అంటే సేవ పూర్తయినట్టే, పైగా మిగులుతో. ఆ వారం నివేదికలో నేరేడుపుట్టుతో పాటు, తోవలో ఇంకా సర్వే కూడా కాని రెండు ఊళ్ళకి కూడా మందు చేరినట్టు రాసేశారు. దూరానికి తేడా రానందువల్ల ఎవరూ కాదనలేదు. రాజధానిలో దాన్ని చదివి ముగ్ధులైపోయారు. ఒక్క బ్యాటరీ కూడా అయిపోకుండా, ఒక్క సైకిలూ దారిలో ఆగకుండా, ఇన్ని ఊళ్ళకి సేవ చేసిన సంస్థ ఇంకొకటి లేదట. ఉత్తమ నిరంతర సేవా పురస్కారం ఇచ్చే ముందు ఒకసారి కళ్ళారా చూడటానికి వచ్చే మంగళవారం కమిటీ వస్తోందన్నారు.

చదును మైదానం కాబట్టి గేరు మార్చే పని మాత్రం ఎవరికీ ఒక్కసారి కూడా పడలేదు. ఆ విషయం ఎవరూ అనలేదు, అడగనూ లేదు.

సంత రోజున జగ్గన్న మళ్ళీ గేటు దగ్గరికొచ్చాడు. ఈసారి పనసకాయ కూడా తేలేదు, వట్టి కోపమే తెచ్చాడు.

"ఏటి బావా, గానుగెద్దుల్నాగ తిరగతన్నారంట. ఊరూరా సెప్పుకుంతన్నారు. పిల్లకి పేరెట్టాలి. నువ్వు రావు. ఊల్లో వోళ్ళందరూ బేటరీ అని పిలస్తన్నారు దాన్ని. మా అమ్మ కూడా నిన్న అలగే పిలిచీసింది."

"చిలకమ్మ ఏటంది?" అని అడిగాడు పండన్న బితుకుబితుకుమంటూ.

"ఏటంటాది. మంగలారం రాపోతే నానే దిగుతాను, దిగేనంటే మరేద ఉండదు, అలగని సెప్పమంది."

పండన్నకి ఆ రోజంతా అన్నం సహించలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చిలకమ్మ ఇలాగే మర్యాద ఉండదని చెప్పి, నిజంగానే ఉంచలేదు. కానీ అతన్ని కుంగదీసింది ఆ భయం కాదు. పిల్ల పుట్టి ఇన్నాళ్ళయినా ముక్కు తనదేనట అన్న ఒక్క కబురు తప్ప దాని ముఖం ఎలా ఉంటుందో తెలియదు. రాత్రీ పగలూ ముక్కు ఒక్కటే కనిపిస్తోంది.

మంగళవారం మైదానంలో షామియానా వేశారు. కమిటీవారు కూల్‌డ్రింకులు తాగుతూ కూర్చున్నారు. ప్రభంజనరావు గారు మైకు పట్టుకుని వృత్తం గురించి చెప్తున్నారు. భూమి గుండ్రంగా ఉండటం, చక్రం గుండ్రంగా ఉండటం, పరిపాలన మాత్రం ఇన్నాళ్ళూ తిన్నగా ఉండిపోవడం గురించి చెప్తున్నారు. కమిటీలో ఒకావిడ కళ్ళు తుడుచుకున్నారు. రైడర్లు కొత్త చొక్కాల్లో గీత మీద తిరుగుతున్నారు. పండన్న సైకిలు వెనక పెట్టెలో ఐసు గలగలలాడుతోంది.

అప్పుడు కొండ వైపు నుంచి ఆడవాళ్ళు దిగడం మొదలుపెట్టారు. వరసగా దిగుతున్నారు. చంటిపిల్లల్ని వీపున కట్టుకున్నవాళ్ళు, చంకనేసుకున్నవాళ్ళు, ముందు నేరేడుపుట్టులో పిల్లలకి చుక్కలు వేసే ఆశమ్మ, ఆమె వెనక చిలకమ్మ. ఒక్కరి చేతిలోనూ స్పేరు అన్నది లేదు. వచ్చి సున్నం గీత పక్కన నిలబడ్డారు.

పండన్న అటువైపు తిరిగొచ్చేసరికి చిలకమ్మ ఎదురుగా ఉంది. ఆమె చంకలో గుడ్డమూట. మొదటి చుట్టులో అతనికి చిన్న టోపీ కనిపించింది. చూసేలోపల సైకిలు దాటిపోయింది.

"దిగు మావా," అంది చిలకమ్మ.

"దిగితే గొలుసు తెగిపోద్ది," అన్నాడు దాటిపోతూ.

రెండో చుట్టులో ఒక పాదం కనిపించింది. వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. హ్యాండిలు వంకర పోయింది. వెనక సాధురావు "అన్నా, చూసుకో" అన్నాడు.

"తెగనీ," అంది చిలకమ్మ, పోయిన చుట్టు మాటకి జవాబుగా.

"ఆపీసర్లున్నారు చిలకా."

మూడో చుట్టులో ముక్కు కనిపించింది. జగ్గన్న అబద్ధం చెప్పలేదు, తనదే. పాపం అనిపించింది, ఆ వెంటనే ఎక్కడలేని గర్వం కూడా వేసింది. మొత్తం ముఖం చూద్దామని మెడ తిప్పేసరికి చిలకమ్మ కొంగు తీసి పిల్ల ముఖం మీద కప్పేసింది.

పండన్న రెండు బ్రేకులూ నొక్కాడు.

చేతికందే దూరం అన్నది ఎంత దగ్గరో అప్పుడు తెలిసింది. సాధురావు పండన్న మీదికీ, సాధురావు మీదికి ఇంకొకడూ, అలా పది సైకిళ్ళు గుండ్రంగా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అందరికన్నా చివర పడవలసిన పైడిరాజు పండన్నకి ముందు ఉండటం వల్ల కాసేపు ఎవరూ తోయకుండానే తనంతట తను తిరిగి, ఒంటరిగా అనిపించి, దిగి తనే పడ్డాడు. పడ్డ వాళ్ళ జేబుల్లోంచి బ్యాటరీలు జారి మైదానమంతా దొర్లాయి. ఏది ఎవరిదో, ఏది అసలో ఏది స్పేరో ఇక ఏ ఆడిట్ వాడూ చెప్పలేడు.

పండన్న అవేమీ చూడలేదు. చిలకమ్మ ముందు నిలబడి, చేతులు చొక్కాకి తుడుచుకుని చాపాడు. ఆమె ఒక్క క్షణం కోపంగా చూసి, పిల్లని చేతుల్లో పెట్టింది. కొంగు తీసి చూశాడు. కళ్ళు, నుదురు, గడ్డం, అన్నీ ఒక్కసారే ఉన్నాయి. చుట్టుకో ముక్క చొప్పున కాదు. అతనికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చేశాయి. పిల్ల ఆవులించింది.

షామియానా లోంచి ప్రభంజనరావు గారు మైకు పట్టుకునే పరిగెత్తుకొచ్చారు. తీగ ఎంత పొడుగుంటే అంత దూరం వచ్చి ఆగారు.

"పండన్నా, ఏం చేశావో తెలుసా? చైను తెంపేశావు. ఇప్పుడు నీ స్థానంలో ఎవరు? నీకు స్పేరు ఎవరు?" మైకులో అడగడం వల్ల ఆ ప్రశ్న కొండకి కొట్టుకుని రెండోసారి కూడా వినిపించింది.

చిలకమ్మ ఆయన్ని పైనించి కిందకి చూసింది.

"ఈ పిల్లకి అయ్య ఒక్కడే బాబూ," అంది. "స్పేరు లేడు."

కమిటీవారు కూల్‌డ్రింకులు కింద పెట్టారు. ఆశమ్మ ఎవర్నీ అడక్కుండా పండన్న సైకిలు దగ్గరికెళ్ళి ఐసు పెట్టె మూత తీసింది. ముక్కలు ఇంకా గలగలలాడుతున్నాయి. షామియానా నీడలో తల్లులందర్నీ కూర్చోబెట్టి పిల్లలకి చుక్కలు వేసింది. పండన్న కూతురికి కూడా వేసింది. పిల్ల ముఖం చిట్లించి, నాలుక బయటపెట్టి, ఆ రుచి ఎవరి తప్పో తెలిసినట్టు తండ్రి వంక చూసింది.

ప్రభంజనరావు గారు అక్కడే నిలబడిపోయారు. మైకు నోటి దగ్గర ఉందన్న సంగతి కూడా మరిచిపోయారు. "నీలాచలం గారూ," అన్నారు గొంతు తగ్గించి. అది మైదానమంతా వినిపించింది. "ఒక్కడేనటండీ."

"ఎవరండీ?"

"తండ్రి. ఒక్కొక్కరికి ఒక్కడే ఉన్నాడట. ఇంతమంది పిల్లలు స్పేరు లేకుండా తిరుగుతున్నారు. ఇంత పెద్ద లోపం ఇన్నాళ్ళూ మన దృష్టికి ఎందుకు రాలేదు?"

"ప్రతిపాదన తయారుచేస్తానండీ," అన్నారు నీలాచలం గారు. అప్పటికే బల్ల మీద బిస్కట్ల కోసం వెతుకుతున్నారు.

పండన్న తన సైకిలు కుప్పలోంచి లాగాడు. హ్యాండిలు సరిచేశాడు. పై ఊళ్ళకి ఇంకా మందు మిగిలి ఉంది, పెట్టెలో ఐసు కూడా ఉంది. పెట్టె వెనక బిగించి, గేటు వైపు కాకుండా తల్లులు దిగొచ్చిన దారి వైపు తిప్పాడు. పిల్లని చిలకమ్మ మళ్ళీ వీపున కట్టుకుంది. సాధురావు లేచి, ప్యాంటు దులుపుకుని, ఎవరి బ్యాటరీయో ఒకటి ఏరి అతని జేబులో పెట్టబోయాడు.

"వొద్దు," అన్నాడు పండన్న.

ఎత్తు మొదలైంది. అతను మెల్లగా తొక్కుతుంటే పక్కన చిలకమ్మ నడుస్తోంది. వెనక తల్లులంతా ఎవరికి తోచినంత దూరంలో వాళ్ళు నడుస్తున్నారు. సగం దూరం పోయాక కింద మైకు మళ్ళీ గరగరమంది.

'సంస్థ ఉద్యోగులకు ముఖ్య గమనిక. పిల్లలు కలిగిన తండ్రులందరూ తక్షణమే మైదానములో సున్నపు గీతపై ఒకరి వెనక ఒకరు నిలబడవలెను.'

చిలకమ్మ నడక ఆపి పండన్న వంక చూసింది. పండన్న వెనక్కి తిరగలేదు. దారి నిటారుగా లేచింది. ఇన్ని వారాల తరవాత మొదటిసారి గుండీ నొక్కాడు.

జింయ్‌మంది. చిలకమ్మ వీపు మీద పిల్ల ఆ చప్పుడు ఎక్కణ్ణించి వచ్చిందా అని తల తిప్పి చూసింది. దాన్ని ఇంకోసారి చూడనివ్వడానికి పండన్న ఏ అవసరమూ లేకుండానే మళ్ళీ నొక్కాడు.